ఎంటర్ కొట్టే ముందు

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఇన్నాళ్లూ ఒక రకం కంప్యూటర్‌కి అలవాటు పడ్డారు. ఇప్పుడు అస్సలు పరిచయం లేని ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. చెప్పేవాళ్లు పక్కన లేరు, చేతిలో ఒక పుస్తకం ఉంది. దాన్ని ఎలా చదవాలి? ఇవాళ నేను మాట్లాడేది ఇదొక్కటే. వీడియోలు ఉన్నాయి కదా అంటారు, ఉన్నాయి, మంచివే ఉన్నాయి. కాకపోతే నేను నేర్చుకున్నది పుస్తకాలతో, అదీ ఒక్క సిస్టమ్ కాదు, మూడు నాలుగు అలాగే నేర్చుకున్నాను కాబట్టి నాకు తెలిసిన దారే చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా యూనిక్స్ కుటుంబం నుంచే ఇస్తాను, అంటే లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ లాంటివి, మ్యాక్ కూడా లోపల ఆ కుటుంబమే. విండోస్ నుంచి బయల్దేరినవాళ్లు చాలామంది చేరేది అక్కడికే కదా.

మొదటిసారి నేను ఆ పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివాను. మంచం మీద పడుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ, రెండు వారాల్లో ముగించాను. ఏ కమాండ్‌కి ఏ ఆప్షనో పట్టిక రాసుకుని బట్టీ పట్టాను. తీరా మెషీన్ ముందు కూర్చుంటే ఒక డాలర్ గుర్తు, దాని పక్కన మిణుకుమిణుకుమనే చిన్న గీత. ఏం టైప్ చేయాలో నాకు తెలుసు. టైప్ చేస్తే ఏం జరగాలో తెలియదు. ఈ రెండూ వేరువేరు అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కమాండ్ కొట్టేవాణ్ని, స్క్రీన్ మీద ఏదో వచ్చేది, అది సరైనదో కాదో చెప్పలేకపోయేవాణ్ని, ఎందుకంటే పోల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

అప్పుడు పెట్టుకున్న అలవాటే ఇప్పటికీ ఉంది. ఒక నోటుబుక్కు, పేజీ మధ్యలో నిలువుగా గీత. పుస్తకంలో ఒక ఉదాహరణ వచ్చిందనుకోండి, దాన్ని టైప్ చేస్తాను, కానీ ఎంటర్ కొట్టను. ఎడమ పక్క, ఇది కొడితే ఏం జరుగుతుందని నేను అనుకుంటున్నానో ఒక్క వాక్యం రాస్తాను. తర్వాత ఎంటర్. నిజంగా జరిగింది కుడి పక్క రాస్తాను. రెండూ కలిస్తే ముందుకి. కలవకపోతే ఆ రోజుకి అక్కడే, ఎందుకు కలవలేదో తేలేదాకా పేజీ తిప్పను. చూడ్డానికి చాలా నెమ్మది పని. మొదటి వారంలో నేను దాటింది ఇరవై పేజీలు కూడా ఉండవు. అయినా ఆ ఇరవై పేజీలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, అంతకుముందు పడుకుని చదివిన మూడొందల పేజీల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి. మీ హోమ్ డైరెక్టరీలో, అంటే సిస్టమ్ మీకిచ్చిన సొంత ఫోల్డర్‌లో, ఒక ఫైలు తయారు చేశారు. సీహెచ్‌మాడ్ 444 అని కొట్టి దానికి చదివే హక్కు మాత్రమే ఉంచారు, రాసే హక్కు మీతో సహా ఎవరికీ లేదు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వీటిని కలిపి ఓనర్‌కి ఒక అంకె, గ్రూపుకి ఒకటి, మిగతావాళ్లకి ఒకటి, ఇది పుస్తకంలో మొదట్లోనే ఉంటుంది. ఇప్పుడు ఆ ఫైలు పేరుతో ఆర్‌ఎం కొట్టబోతున్నారు, డిలీట్ చేయడానికి. ఆగండి. ఏం జరుగుతుంది? డిలీట్ అవుతుందనుకునేవాళ్లు చేతులెత్తండి. అవ్వదనేవాళ్లు? ఊఁ, ఎక్కువమంది అవ్వదంటున్నారు. నేను కూడా నోటుబుక్కులో ఎడమ పక్క అదే రాశాను, రాసే హక్కే లేనప్పుడు చెరిపే హక్కు ఎక్కడిది అని.

అవుతుందండి. ఆర్‌ఎం ఒకసారి అడుగుతుంది, ఈ ఫైలుకి రాసే అనుమతి లేదు, అయినా తీసేయమంటారా అని. వై కొడితే పోతుంది. అది కూడా ఆర్‌ఎం మర్యాదకి అడిగే మాట, అడక్కపోయినా సిస్టమ్ అడ్డుపడదు.

ఎందుకు? ఆ రాత్రి పుస్తకంలో వెనక్కి వెళ్లి డైరెక్టరీల చాప్టర్ మళ్లీ చదివాను. ముందొకసారి చదివిన పేరానే. యూనిక్స్‌లో డైరెక్టరీ అంటే ఫైళ్లు పెట్టే పెట్టె కాదని అక్కడ ఉంది. అది హాజరు పట్టీ లాంటిది. ఒక్కో లైనులో ఒక పేరు, దాని ఎదురుగా ఒక నంబరు. ఆ నంబరుని ఐనోడ్ నంబరంటారు, అసలు ఫైలు ఆ నంబరు వెనక ఉంటుంది. ఆర్‌ఎం చేసేదల్లా పట్టీలో పేరు కొట్టేయడం. పేరు కొట్టేయాలంటే పట్టీ మీద రాసే హక్కు కావాలి, ఆ పేరున్న మనిషి అనుమతితో పనిలేదు. మీ హోమ్ డైరెక్టరీ మీదే కాబట్టి పట్టీ మీ చేతిలో ఉంది. దీన్ని తిరగేసి చూడండి. ఎవరైనా రాయగల ఫైలే ఉంది, కానీ అది మీకు రాసే హక్కు లేని డైరెక్టరీలో ఉంది. అప్పుడు లోపలున్నదంతా తుడిచేసి దాన్ని ఖాళీ ఫైలు చేయగలరు, కానీ డిలీట్ చేయలేరు!

ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక నాకు వరసగా నాలుగైదు తలుపులు తెరుచుకున్నాయి. ఒకే ఫైలుకి రెండు పేర్లు ఉండొచ్చు, పట్టీలో రెండు లైన్లకి ఒకే నంబరు ఉంటే సరి, దాన్నే హార్డ్ లింక్ అంటారు. ఆఖరి పేరు కొట్టేసినప్పుడు మాత్రమే ఫైలు నిజంగా పోతుంది. అదీ అప్పటికి దాన్ని ఏ ప్రోగ్రామూ తెరిచి పెట్టుకోకపోతేనే. విండోస్‌లో మామూలుగా ఏదైనా ప్రోగ్రామ్ వాడుతున్న ఫైలుని డిలీట్ చేయబోతే కుదరదంటుంది, ఇక్కడ కుదురుతుంది, పేరు పోతుంది, ఫైలు మాత్రం ఆ ప్రోగ్రామ్ చేతిలో ఉండిపోతుంది. చాలా ఏళ్ల తర్వాత ఒక పనిలో డిస్కు నిండిపోయింది, నేను ఒక పెద్ద లాగ్ ఫైలు తీసేశాను, ఎంత చూసినా ఖాళీ మాత్రం పెరగలేదు. పక్కనున్నవాళ్లకి టెన్షన్. నాకు ఆ హాజరు పట్టీ గుర్తొచ్చింది. పేరు కొట్టేశాం, లాగ్ రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. ఆ ప్రోగ్రామ్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టగానే జాగా తిరిగొచ్చింది. ఆ ఉపాయం ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు, ఆ సిస్టమ్ ఎలా ఆలోచిస్తుందో తెలిసింది కాబట్టి ఊహించగలిగాను. ఇంకోటి, తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే టీఎంపీ డైరెక్టరీలో అందరికీ రాసే హక్కు ఉంటుంది కదా, మరి ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయరా అని మీకు ఈపాటికి సందేహం వచ్చి ఉండాలి. రాకపోతే ఇప్పుడు తెచ్చుకోండి. దానికోసమే స్టిక్కీ బిట్ అని ఒకటి పెట్టారు, పర్మిషన్ 1777 అని చూపిస్తుంది, ఎవరి ఫైళ్లు వాళ్లే తీసేసుకోగలరు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా నాకు వట్టి మాటల వరస. ప్రశ్న ముందు పుట్టి జవాబు తర్వాత కనిపిస్తే మాత్రం మర్చిపోవడం కష్టం.

నేను చెప్పొచ్చేది ఇదే. కమాండ్లు ఎప్పుడంటే అప్పుడు వెతుక్కోవచ్చు, సిస్టమ్‌లోనే మ్యాన్ పేజీలున్నాయి, అంటే మాన్యువల్ పేజీలు. పుస్తకం దగ్గర నుంచి తీసుకోవాల్సింది ఆ సిస్టమ్ తయారు చేసినవాళ్ల ఆలోచన. అది మీకు అందిందా లేదా అనేదానికి ఒకటే పరీక్ష, ఎంటర్ కొట్టే ముందు మీరు ఊహించగలుగుతున్నారా లేదా.

కొత్తవాళ్లని బాగా కంగారు పెట్టేది ఈ సిస్టమ్ మౌనం. ఫైలు కాపీ చేస్తారు, ఏమీ అనదు. పేరు మారుస్తారు, ఏమీ అనదు. పాస్‌వర్డ్ టైప్ చేస్తే చుక్కలు కూడా రావు, కీబోర్డు పాడైందేమో అనుకుంటారు. ఇది ఎందుకిలా ఉందో తెలిస్తే కంగారు ఉండదు. యూనిక్స్ పుట్టింది 1969లో, బెల్ ల్యాబ్స్‌లో, కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో. అప్పుడు వాళ్ల ముందు స్క్రీన్లు లేవు, టెలిటైప్‌లు ఉండేవి, కాగితం మీద టకటకా కొట్టే యంత్రాలు. టెలిటైప్ మోడల్ 33 అని ఒకటి ఉండేది, అది సెకనుకి 10 అక్షరాలు కొడుతుంది. అంటే ఎనభై అక్షరాల లైను పూర్తవ్వాలంటే ఎనిమిది సెకన్లు. అలాంటి చోట మీ ఫైలు విజయవంతంగా కాపీ అయింది, ధన్యవాదాలు అని ప్రతిసారీ చెబుతుంటే ఎవరు కూర్చుంటారు? కమాండ్ల పేర్లు రెండేసి అక్షరాలు ఉండడానికి కూడా ఆ నెమ్మదే కారణం, జాబితాకి ఎల్‌ఎస్, కాపీకి సీపీ, పేరు మార్చడానికి ఎంవీ, తీసేయడానికి ఆర్‌ఎం. తర్వాత 1973లో పైపులొచ్చాయి, ఆలోచన డగ్ మెక్‌ఇల్‌రాయ్‌ది, రాసింది థాంప్సన్. ఒక ప్రోగ్రామ్ చెప్పేది నేరుగా ఇంకో ప్రోగ్రామ్ చెవిలో పడుతుంది. అప్పటి నుంచి మౌనానికి ఇంకో గట్టి కారణం దొరికింది. వరసలు అమర్చే ప్రోగ్రామ్ మధ్యలో పని జరుగుతోంది అని ఒక లైను వేస్తే, తర్వాతి ప్రోగ్రామ్ ఆ లైనుని కూడా డేటా అనుకుని లెక్కేస్తుంది. అందుకే పని జరిగితే మాట్లాడదు, తప్పొస్తేనే మాట్లాడుతుంది, ఆ తప్పులు కూడా వేరే దారిలో పంపిస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ అని. ఈ కథ తెలిశాక నాకు ఆ మౌనం మీద గౌరవం కలిగింది, నిజంగా.

పాత అలవాట్ల సంగతి. కొత్తది నేర్చుకోవడం కంటే పాతది పక్కన పెట్టడం కష్టమని నాకు అనుభవం. విండోస్‌లో సీ డ్రైవు, డీ డ్రైవు ఉంటాయి. ఇక్కడ ఒకటే చెట్టు, వేరు పైన, కొమ్మలు కింద. ఇంకో డిస్కు పెడితే కొత్త అక్షరం రాదు, ఉన్న చెట్టుకే ఒక కొమ్మ దగ్గర అంటుకట్టినట్టు తగిలిస్తారు, దాన్నే మౌంట్ చేయడం అంటారు. పెద్దక్షరం, చిన్నక్షరం లినక్స్‌లో వేరువేరు. డైరెక్టరీల పేర్ల మధ్య ఇక్కడ స్లాష్ (/) పెడతారు, విండోస్‌లోలా బ్యాక్‌స్లాష్ (\) కాదు. ఇది ఎవరి మొండితనమూ కాదు. విండోస్‌కి ముందు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ 1981లో వచ్చినప్పుడు అందులో డైరెక్టరీలే లేవు, ఆప్షన్లు ఇవ్వడానికి స్లాష్ వాడేశారు. 1983లో డాస్ 2.0తో డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు, బ్యాక్‌స్లాష్ తీసుకున్నారు. నలభై ఏళ్లు దాటినా మన వేళ్లు ఆ రోజు నిర్ణయాన్ని మోస్తున్నాయి.

ప్రతి సిస్టమ్‌కీ ఇలా ఒక స్వభావం ఉంటుంది, యూనిక్స్ ఒక్కటే గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వీఎంఎస్ అని, డిజిటల్ అనే పేరున్న కంపెనీ సిస్టమ్ ఉండేది. దాని మాన్యువల్స్ అన్నీ పేర్చితే గోడంత ఉండేవి, బైండర్ల రంగుని బట్టి నారింజ గోడ, బూడిద గోడ అని పిలిచేవాళ్లు. అందులో ఒక ఫైలుని మార్చి సేవ్ చేస్తే పాతది పోదు, పేరు చివర సెమికోలన్ పెట్టి 1, తర్వాత 2, తర్వాత 3 అని కొత్త వెర్షన్ తయారవుతుంది. పాతవి వద్దనుకుంటే పర్జ్ అని కమాండ్ కొట్టి మీరే తీసేయాలి. అక్కడ పెరిగిన మనిషి యూనిక్స్‌కి వచ్చి సీపీ కొడితే, అదే పేరుతో ముందే ఉన్న ఫైలు చడీచప్పుడు లేకుండా పోతుంది. ఒక్కో సిస్టమ్ మిమ్మల్ని ఒక్కో రకం మనిషి అనుకుంటుంది. పుస్తకంలో మొదటి చాప్టర్లు చదివేటప్పుడు, ఇది నన్ను ఎలాంటి మనిషి అనుకుంటోంది అని వెతకండి.

ఇప్పుడు పుస్తకాల్లో ఉండే గుర్తుల గురించి గబగబా చెప్పేస్తాను, చిన్న సంగతే కానీ ఎవరూ చెప్పకపోవడం వల్ల చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఉదాహరణల ముందు డాలర్ గుర్తు వేస్తారు, అది మీరు టైప్ చేయాల్సింది కాదు, సిస్టమ్ చూపించే ప్రాంప్ట్. డాలర్ బదులు హ్యాష్ గుర్తు ఉంటే ఆ కమాండ్‌ని రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా కొట్టాలని అర్థం. హ్యాష్‌తో సహా కొడితే, మన కమాండ్లు అందుకునే బ్యాష్ అనే ప్రోగ్రామ్ ఆ లైనంతా కామెంట్ అనుకుని వదిలేస్తుంది, తప్పని కూడా చెప్పదు, మీరేమో పని అయిపోయిందనుకుంటారు. మ్యాన్ పేజీలో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది పెట్టినా పెట్టకపోయినా ఫరవాలేదు, నిలువు గీతకి అటూ ఇటూ ఉన్నవాటిలో ఏదో ఒకటి, మూడు చుక్కలుంటే ముందున్నదాన్ని ఎన్నిసార్లైనా ఇవ్వొచ్చు. పేరు పక్కన బ్రాకెట్లలో ఉండే అంకె మాన్యువల్‌లో భాగం నంబరు. 1 కమాండ్లు, 2 సిస్టమ్ కాల్స్, 3 లైబ్రరీ ఫంక్షన్లు, 5 ఫైళ్ల ఫార్మాట్లు. పాస్‌వర్డ్ మార్చుకునే కమాండ్ 1లో ఉంటుంది, అదే పేరుతో ఉన్న ఫైలు వివరం 5లో ఉంటుంది, అంకె ఇవ్వకపోతే మీకు కావాల్సింది కాకుండా మొదటిదే చూపిస్తుంది. వెతకడానికి స్లాష్, బయటికి రావడానికి క్యూ.

ఆ మాన్యువల్ గురించి ఒక్క మాట. మొదటి యూనిక్స్ మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబర్ 3. ప్రతి పేజీకీ ఒకే అమరిక, పేరు, వాడే పద్ధతి, వివరణ, చివర్లో బగ్స్. అంటే తమ ప్రోగ్రామ్‌లో ఏ లోపం ఉందో రాసినవాళ్లే అచ్చు వేసి ఇచ్చారు! ఆ బగ్స్ భాగం ఎప్పుడూ వదలకండి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లయితే మ్యాన్ పేజీలో తప్పుంటే దాన్ని ప్రోగ్రామ్‌లో తప్పు కింద లెక్కేసి సరిచేస్తారు. ఆ శ్రద్ధ చదువుతుంటే తెలుస్తుంది.

నేను నష్టపోయిన సందర్భాలు రెండున్నాయి, అవి కూడా చెప్పాలి. మొదటిది, విండోస్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసి లినక్స్ మెషీన్‌కి కాపీ చేశాను. నడవడం లేదు. ఇంటర్‌ప్రెటర్, అంటే స్క్రిప్టుని చదివి నడిపే ప్రోగ్రామ్, సరిగా లేదంటుంది. పేరు చూస్తే సరిగానే ఉంది, ఆ ఇంటర్‌ప్రెటర్ అక్కడే ఉంది, పర్మిషన్లు 755. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా దాని ముందే ఉన్నాను. ఆఖరికి క్యాట్ మైనస్ వీ అని కొట్టి చూస్తే ప్రతి లైను చివరా ఒక టోపీ గుర్తు, పక్కన ఎమ్ అక్షరం. విండోస్‌లో లైను చివర రెండు అక్షరాలుంటాయి, క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. యూనిక్స్‌లో లైన్ ఫీడ్ ఒక్కటే. మిగిలిన ఆ క్యారేజ్ రిటర్న్ ఇంటర్‌ప్రెటర్ పేరుకి అతుక్కుపోయింది, కంటికి కనపడదు, అలాంటి పేరుతో ప్రోగ్రామ్ ఏదీ లేదు. ఇది పుస్తకంలో మూడో చాప్టర్‌లో ఉంది. టెక్స్ట్ ఫైలంటే ఏమిటి అనే చాప్టర్ అది, ఆ మాత్రం తెలియదా అని నేను వదిలేసిన చాప్టర్. అప్పటి నుంచి కొత్త సిస్టమ్ పుస్తకంలో నాకు తెలుసనిపించే పేజీలే ముందు చదువుతాను, ఎందుకంటే తెలియనిది ఎలాగూ జాగ్రత్తగా చదువుతాం.

రెండోది పెద్దది. డిస్కుని పార్టిషన్ చేసే చాప్టర్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. పుస్తకంలో డిస్కు పేరు ఎస్‌డీబీ అని ఉంది, నేనూ ఎస్‌డీబీ అనే కొట్టాను. నా మెషీన్‌లో ఆ పేరు నా బ్యాకప్ డిస్కుది. నాలుగేళ్ల ఫొటోలు, రాసుకున్నవి, అన్నీ పోయాయి. పుస్తకంలో తప్పేమీ లేదు, రాసినాయన మెషీన్‌లో అది ఖాళీ డిస్కు. మీరు చదివే ప్రతి ఉదాహరణా ఇంకొకరి మెషీన్ మీద జరిగింది. అందుకని పేర్లున్న ప్రతిచోటా, డిస్కు పేరు, యూజర్ పేరు, నెట్‌వర్క్ కార్డు పేరు, ఏదైనా సరే, ముందు మీ దగ్గర దాని పేరేమిటో చూసుకోండి, డిస్కులకైతే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే జాబితా వస్తుంది. అసలు ఇప్పుడు ఈ బాధ పడక్కర్లేదు కూడా. వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, సిస్టమ్ ఎక్కించి, అది ఉన్న స్థితికి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత దాన్ని ఎంత పాడుచేసినా నిమిషంలో వెనక్కి వస్తుంది. కావాలని పాడుచేయండి. సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీలో ఒక ఫైలు తీసేసి మళ్లీ బూట్ చేస్తే ఏమవుతుందో ఎడమ పక్క రాసి, చూడండి. భయం లేనప్పుడు చదువు సాగే వేగమే వేరు.

పాత పుస్తకం దొరికింది, పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పుస్తకంలో అన్ని చాప్టర్లూ ఒకే వయసుకి ముసలివి కావు. బ్రయన్ కెర్నిహాన్, రాబ్ పైక్ 1984లో యూనిక్స్ మీద రాసిన పుస్తకంలో పైపుల గురించి, షెల్ (బ్యాష్ లాంటి ప్రోగ్రామ్) గురించి చెప్పినది చాలావరకు ఇవాళ్టి మెషీన్ మీద కూడా నడుస్తుంది. అదే, పదిహేనేళ్ల కిందటి లినక్స్ పుస్తకంలో సర్వీసులు మొదలుపెట్టే చాప్టర్ చూడండి, ఇనిట్ స్క్రిప్టుల గురించి ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల సిస్టమ్‌డీ వచ్చేసింది, అది 2010లో మొదలైంది, డెబియన్ అనే లినక్స్ 2015లో దానికి మారింది. నెట్‌వర్క్ చాప్టర్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్ ఉంటుంది, మీ మెషీన్‌లో ఆ కమాండే లేకపోవచ్చు, దాని పని ఐపీ అనే కమాండ్ చేస్తోంది. ఫైళ్లు, ప్రాసెస్‌లు (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లు), పర్మిషన్లు, పైపులు, ఇవి ముసలివి కావు. పరికరాలకి, ఇన్‌స్టాలేషన్‌కి సంబంధించినవి త్వరగా పాతబడతాయి. వయసొక్కటే కాదు, ఊరు కూడా చూడాలి, అంటే ఏ సిస్టమ్ కోసం రాశారో. లినక్స్ పుస్తకం పెట్టుకుని మ్యాక్ మీద, ఫైల్లో మాటలు మార్చే సెడ్ కమాండ్‌ని సెడ్ మైనస్ ఐ అని కొడితే కొన్నిసార్లు విచిత్రమైన ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ సెడ్, అది ఆ ఆప్షన్ తర్వాత బ్యాకప్ ఫైలుకి తగిలించే తోక కూడా ఇవ్వమంటుంది. అలా పుస్తకానికీ మెషీన్‌కీ తేడా వచ్చినప్పుడు విసుక్కోకండి. ఆ తేడా ఎందుకొచ్చిందో తవ్విన రోజున నేను నేర్చుకున్నంత మామూలు రోజుల్లో నేర్చుకోలేదు.

పుస్తకంతో ఎంత దూరం వెళ్లొచ్చు అనేదానికి రెండు సంగతులు చెబుతాను. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. ఆయన 1970లలో ఆరో ఎడిషన్ యూనిక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం, సోర్స్ కోడ్, దాదాపు 9000 లైన్లు, తన విద్యార్థుల కోసం ఒక పుస్తకంగా వేసి, దానికి వ్యాఖ్యానం ఇంకో పుస్తకంగా రాశారు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని మొదటి లైను నుంచి చివరిదాకా ఒక మనిషి చదవగలడు అని చూపించారు. ఏడో ఎడిషన్ 1979లో వచ్చేసరికి, సోర్స్‌ని క్లాసులో చెప్పడానికి వీల్లేదని లైసెన్సులో పెట్టారు. అప్పుడేమైంది, జెరాక్సుకి జెరాక్సు, దానికి ఇంకో జెరాక్సు, అక్షరాలు మసకబారి చదవలేనంతదాకా అది చేతులు మారింది. బహిరంగంగా అచ్చయింది 1996లో. ఆ కోడ్‌లో ప్రాసెస్‌లు మార్చే చోట ఒక కామెంట్ ఉంది, దీన్ని మీరు అర్థం చేసుకోవాలని ఎవరూ ఆశించడం లేదు అని. లయన్స్ విద్యార్థులు మాత్రం దాన్ని అర్థం చేసుకోవాలనే కూర్చున్నారు. రెండోది మీలో చాలామందికి తెలుసు. ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పుస్తకం రాసి, బోధన కోసం మినిక్స్ అనే చిన్న సిస్టమ్ తయారు చేసి, దాని సోర్స్ కోడ్ ఆ పుస్తకంలోనే అచ్చు వేశారు. హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి అది చదివి, మినిక్స్ నడిపి, 1991 ఆగస్టు 25న తను ఒక కొత్త సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్, మిగతాది తెలిసిందే.

ఇంకో మాట, భాష గురించి. ఈ పుస్తకాలు మనకి ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. పదాలు అలాగే వాడదాం, అందులో ఇబ్బంది లేదు, కానీ వాటి అసలు అర్థం ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. కెర్నల్ అంటే గింజలోపలి పప్పు, షెల్ అంటే పైనున్న పెంకు. మీరు తాకేది పెంకుని, పని జరిగేది పప్పు దగ్గర. ఫోర్క్ అంటే దారి రెండుగా చీలే చోటు, అక్కడ ఒక ప్రాసెస్ రెండవుతుంది. ఇలా అనుకుంటే సగం బరువు దిగిపోతుంది. నోటుబుక్కులో ఎడమ పక్క మీరు రాసే ఊహ కూడా తెలుగులోనే రాయండి. పుస్తకంలో వాక్యాన్ని ఇంగ్లీషులో ఎత్తి రాస్తే అర్థం కాకపోయినా అయినట్టే ఉంటుంది, సొంత మాటల్లో రాయబోతే ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ పెన్ను ఆగిపోతుంది.

ప్రశ్నలేమైనా ఉంటే... చెప్పండమ్మా. వీఐ అనే ఎడిటర్‌లోకి వెళ్తే బయటికి రాలేకపోతున్నారా? ముందు ఎస్కేప్, తర్వాత కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. మీరు మార్చినవేవీ సేవ్ అవ్వకుండా బయటికొస్తారు. అది ఎందుకలా ఉందంటే, వీఐలో రెండు స్థితులున్నాయి, ఒకదాంట్లో మీరు కొట్టే అక్షరాలు అక్షరాలే, ఇంకోదాంట్లో అవి కమాండ్లు. 1976లో బిల్ జాయ్ దాన్ని రాసినప్పుడు ఆయన వాడిన టెర్మినల్‌లో బాణం గుర్తులకి విడిగా మీటలు లేవు, హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చు వేసి ఉండేవి, ఇప్పటికీ వీఐలో కదలడానికి ఆ నాలుగే. ఇంకా ఎవరైనా? మీరు చెప్పండి బాబూ. ఒక పుస్తకం ఎన్నాళ్లు పట్టాలి? నాకు మొదటిది ఏడు నెలలు పట్టింది, తర్వాతది మూడు. పర్మిషన్ల చాప్టర్ ఒక్కటే నెల పట్టినా తొందరపడకండి.

ఆ మూల బల్ల మీద మూడు కంప్యూటర్లు పెట్టాం, వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి, స్నాప్‌షాట్ తీసే ఉంచాం, ఏమైనా చేసుకోండి. పక్కనే కాగితాలు, పెన్నులు ఉన్నాయి. ఇందాక ఫైలుకి 444 పెట్టాం కదా, ఈసారి ఒక డైరెక్టరీ తయారు చేసి, లోపల రెండు ఫైళ్లు పెట్టి, డైరెక్టరీకి 444 పెట్టండి. రూట్‌గా కాదు, మామూలు యూజర్‌గా. తర్వాత ఎల్‌ఎస్ మైనస్ ఎల్ ఆ డైరెక్టరీ పేరుతో టైప్ చేసి ఆగండి. పేర్లు కనిపిస్తాయా, కనిపించవా? మిగతా వివరాలు? ఫైళ్లు తెరుచుకుంటాయా? రాసిన తర్వాతే ఎంటర్. నేను ఇక్కడే ఉంటాను.